లష్కర్ - ఒక సైనిక పదం పూర్వాపరాలు

హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి వచ్చే మిత్రులకు లష్కర్ బజార్ తెలియని పేరు కాదు. లష్కర్ సింగారం కూడా మనకు దూరమేమీ కాదు. మన కాలేజీ ఉన్న చోటు సుబేదారి. రోజూ పలికే ఈ పేర్లలో ఎన్ని సైనిక పదాలు దాగి ఉన్నాయో మనం ఎప్పుడైనా ఆలోచించామా? నేనైతే ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం కల్పించినవారు మా నాయన. అందుకు ఆయన ఉద్యోగమే కారణం. ఆయన పెద్దకాలువ మీద లష్కర్.

కిందటేడు ఆయన రిటైరయినప్పుడు పెన్షన్ కాగితాలు నింపడానికి నేను దగ్గర కూర్చున్నాను. సర్వీసు పుస్తకంలో హోదా అన్నచోట ఆ ఒక్క మాటే పేజీ పేజీకీ కనిపించింది. ఆయన అద్దాలు తీసి అడిగిండు: "అరేయ్, నువ్వు పెద్ద సదువులు సదువవడితివి. ముప్పై అయిదేండ్లు ఈ కొలువు చేసిన. లష్కర్ అంటే ఏందిరా? ఇంజనీరు అంటే తెలుసు, పట్వారి అంటే తెలుసు. గీ మాటకు అర్థం ఎవ్వడూ చెప్పలె."

నాకూ తెలియదు. కనుక్కుని చెబుతానన్నాను. అలా వెదకినదాని ఫలితమే ఈ చిన్న వ్యాసం. నేను భాషాశాస్త్రవేత్తను కాను. చరిత్ర విద్యార్థిని మాత్రమే. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

లెక్క ఉన్న సేనలు

ముందుగా మన ప్రాచీనులు సైన్యానికి పెట్టుకున్న పేర్లు చూద్దాం. మహాభారతం ఆదిపర్వంలో అక్షౌహిణి లెక్క ఉంది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం కలిస్తే అది "పత్తి". మూడు పత్తులు ఒక సేనాముఖం. మూడు సేనాముఖాలు ఒక గుల్మం. అలా మూడేసి రెట్లు పెరుగుతూ గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని అవుతాయి. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అంటే రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. అన్నీ కలిపితే 2,18,700. కౌరవులవి పదకొండు, పాండవులవి ఏడు, మొత్తం పద్ధెనిమిది అక్షౌహిణులు. హెచ్చవేస్తే 39,36,600 అవుతుంది. లెక్కల మిత్రులు సరిచూసుకోవచ్చు.

ఈ లెక్క చూస్తే రెండు సంగతులు తోస్తాయి. మొదటిది, ఈ పేర్లలో చాలావాటికి యుద్ధంతో పనిలేని అర్థాలు కూడా ఉన్నాయి. గుల్మమంటే పొద. గణమంటే గుంపు. వాహిని అంటే నది కూడా. ఈ నది సంగతి మళ్లీ చివర వస్తుంది కనుక పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. రెండవది, ఈ లెక్కలోకి వచ్చినవారంతా యుద్ధం చేసేవారే. గుర్రానికి గడ్డి కోసినవాడు, ఏనుగుకు నీళ్లు మోసినవాడు, డేరా గుంజలు పాతినవాడు, వంటవాడు, కమ్మరి ఈ సంఖ్యలో లేరు. వాళ్లు లేరని కాదు. ఉద్యోగపర్వంలో ధర్మరాజు తన శిబిరంలో శిల్పులనూ వైద్యులనూ జీతాలిచ్చి నిలిపాడని ఉంది. ఉన్నారు గాని అక్షౌహిణి లెక్కకు ఎక్కలేదు. ఈ లెక్కకెక్కని జనమే నా వ్యాసానికి అసలు విషయం.

తెలుగు మాటలు

సంస్కృతం సంగతి అలా ఉంచి అచ్చ తెలుగుకు వస్తే సైన్యానికి "దండు" అనే చక్కని మాట ఉంది. దండు విడిసిన చోటు "పాళెం". ఆ పాళేలే క్రమంగా ఊళ్లయినాయి. కోస్తా దిక్కు పోతే పాలెం అనే తోకతో ఊళ్లు కోకొల్లలు. రాయలసీమలో పాళెం ఏలినవాడు పాళెగాడు అయ్యాడు. బెంగుళూరులో కంటోన్మెంటును జనం ఇప్పటికీ దండు అనడం కద్దు. అంటే సైన్యం పోయినా, సైన్యం విడిసిన చోటుకు ఆ పేరు నిలిచిపోతుంది.

"మొన" అన్న మాట చూడండి. మొన అంటే వాడి కొస, యుద్ధంలో ముందు వరుస. ఆ ముందు వరుసలో నిలబడ్డవాడు మొనగాడు. ఇవాళ క్రికెట్టులో సిక్సర్ కొట్టినవాడూ మొనగాడే, పరీక్షలో ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాడూ మొనగాడే. "దళం" అంటే మొదట ఆకు, పూరేకు. మారేడు దళం, తులసి దళం మనకు తెలుసు. అదే మాట సేనలో ఒక భాగానికి చెల్లింది. దళాన్ని నడిపేవాడు దళవాయి. మైసూరు, మధుర రాజ్యాల్లో అది సేనాధిపతి పదవి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులకు ఇంటిపేరు దళవాయి. మన తెలంగాణలో 1946-51 సాయుధ పోరాటం నాటి నుంచి దళం అన్న మాటకు ఇంకో బరువు వచ్చింది. ఆ బరువు ఎటువంటిదో ఊళ్లలో పెద్దలను అడిగితే తెలుస్తుంది. పూజకు కోసుకొచ్చిన మారేడు ఆకుకూ, అడవిలో నడిచిన తుపాకికీ ఒకే మాట.

ఇక ఓరుగల్లు. కాకతీయుల కాలంలో సేనాని, గజసాహిణి వంటి పదవులు ఉండేవి. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాపతి. నృత్తరత్నావళి రాసిన జాయప గజసైన్యాధిపతి. 1309-10లో మాలిక్ కాఫుర్ సేనలు ఓరుగల్లు కోటను ముట్టడించాయి. ఆ ముట్టడిని అమీర్ ఖుస్రో ఖజాయిన్-ఉల్-ఫుతూహ్ అనే గ్రంథంలో పారసీక భాషలో వర్ణించాడు. 1323లో కోట పడిపోయింది. ఆ తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఏలిన ఆరువందల ఏండ్లలో ఈ నేల మీద పారసీక సైనిక పదాలు ఒక్కటొక్కటే వేరూనాయి. వాటిలో ఒకటి లష్కర్.

లష్కర్ అంటే

పారసీకంలో లష్కర్ అంటే సైన్యం. లష్కరీ అంటే సైన్యానికి చెందినవాడు, సైనికుడు. ఈ మాట చాలా పాతది. అరబ్బులు దీనిని అందుకున్నప్పుడు మొదటి "ల"కారాన్ని తమ భాషలోని "అల్" అనే ఉపపదంగా భ్రమించి దానిని విడగొట్టి "అస్కర్" చేసుకున్నారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ అస్కర్ నుంచే తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషలో "అస్కరీ" వచ్చింది. అక్కడ మొదట సిపాయిని అస్కరీ అనేవారు. ఇవాళ గేటు కాడ కాపలా ఉండే వాచ్‌మన్ కూడా అస్కరీయే. సైన్యం నుంచి కాపలా దాకా దిగిన ఈ మెట్లను కూడా గుర్తుంచుకోవాలి.

అక్షౌహిణికీ లష్కర్‌కూ ఒక తేడా ఉంది. అక్షౌహిణి లెక్క కట్టిన సేన. లష్కర్‌కు లెక్క లేదు. కదులుతున్న సైన్యం, దాని డేరాలు, దాని పశువులు, దాని వెంట నడిచే బజారు మొత్తం లష్కరే. ఆ రోజుల్లో సైన్యమంటే కదిలే పట్నం. కత్తి పట్టినవాడి వెనుక మోసేవాడు, వండేవాడు, అమ్మేవాడు అంతకంటే ఎక్కువమంది ఉండేవారు. దక్కనులో మొగలు సేనలకూ తర్వాత ఇంగ్లీషు సేనలకూ ఎద్దుల మీద ధాన్యం మోసి తెచ్చినవారు బంజారాలు, అంటే మన లంబాడీలు. 1791-92లో కారన్‌వాలిసు టిప్పు సుల్తాను మీదికి పోయినప్పుడు అతని సేన కడుపు నింపినవి వాళ్ల ఎద్దులే. మన జిల్లా తండాలలోని మిత్రుల తాతముత్తాతలు ఏ యుద్ధ చరిత్రలోనూ వీరులుగా లేరు. కాని వారు లేకపోతే ఆ యుద్ధాలు నాలుగు రోజులు కూడా సాగేవి కావు.

అందువల్లనే లష్కర్ పక్కన బజార్ అన్న మాట అంత సహజంగా అతుక్కుంటుంది. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అనే పేర్లు ఉన్నాయి కదా. అదే కోవలోది మన లష్కర్ బజార్. దానికి అర్థం సైన్యపు అంగడి. గ్వాలియర్‌లో అయితే సింధియా సేన 1810 ప్రాంతంలో విడిసిన చోటు ఏకంగా నగరమై, దాని పేరే లష్కర్ అయింది. ఉర్దూ అన్న మాట కూడా ఇటువంటిదే. తురుష్క భాషలో "ఓర్దూ" అంటే సైనిక శిబిరం. శిబిరం పేరు భాష పేరయింది. ఆ భాషే 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి బోధనా భాష అయింది.

సికింద్రాబాదు లష్కర్

1798 ఒప్పందం తర్వాత నిజాం రాజ్యంలో ఇంగ్లీషు సేనలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిసినాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఆ చోటు సికింద్రాబాదు అయింది. కాని పాతబస్తీ పెద్దలకు అది లష్కరే. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి జరిగే జాతరను ఇప్పటికీ లష్కర్ బోనాలు అనే అంటాం.

ఆ గుడికి చెప్పుకునే కథ ఈ సందర్భంలో గమనించదగ్గది. సురిటి అప్పయ్య అనే ఆయన సైన్యంలో డోలీ మోసే బోయీ. 1813లో ఆయన ఉన్న దళం ఉజ్జయినికి పోయింది. ఇక్కడ జంటనగరాల్లో కలరా వ్యాపించిందని తెలిసి, తన వాళ్లు బతికితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగి వచ్చాక 1815లో కట్టెతో చేసిన విగ్రహాన్ని నిలిపాడని చెబుతారు. ఆ దళాన్ని నడిపిన దొర పేరు ఆ కథ చెప్పే జనానికి అక్కరలేదు. గాయపడ్డవాళ్లను భుజాన మోసిన అప్పయ్య పేరు మాత్రం రెండువందల ఏండ్లు దాటినా నిలిచి ఉన్నది.

సముద్రం మీద లష్కర్

ఇక ఈ మాట ఓడ ఎక్కింది. పోర్చుగీసువారు లష్కరీని "లస్కరీం" చేసుకున్నారు. సింహళంలో వారి కొలువులో ఉన్న దేశీయ సైనికులకు అదే పేరు. ఇంగ్లీషువారి నోట అది "లాస్కర్" అయింది. అయితే వారి చేతిలో దాని అర్థం దిగజారింది. ఫిరంగి లాగేవాడు, తుడిచేవాడు, గుండు అందించేవాడు గన్ లాస్కర్. డేరా వేసి డేరా పీకేవాడు టెంట్ లాస్కర్. ఓడల మీద పనిచేసే మన దేశపు నావికుడు ఉత్త లాస్కర్. సైన్యం పేరు సైన్యానికి పోయి, సైన్యంలో అట్టడుగున ఉన్న మనిషికి మిగిలింది.

ఓడల మీది లాస్కర్లు తెల్ల నావికులతో సమానంగా బరువులు లాగేవారు, జీతం మాత్రం బాగా తక్కువ. 1823లో ఇంగ్లండు చేసిన చట్టం ప్రకారం వారు బ్రిటిష్ నావికులుగా లెక్కకు రారు. చూడండి, మళ్లీ అదే లెక్క. లండన్ రేవుల్లో దిక్కులేక మిగిలిపోయిన లాస్కర్ల వంటివారి కోసం 1857లో అక్కడ ఒక ఆశ్రయం తెరవవలసి వచ్చింది.

ఈ లాస్కర్ల మీద పెత్తనం చేసేవాడు "సరంగు". గోదావరి లాంచి ఎక్కినవారికి ఈ మాట తెలుసు. చుక్కాని పట్టి లాంచి నడిపేవాడే సరంగు. ఇదీ పారసీకమే. అసలు మాట "సర్‌హంగ్", అంటే సేనానాయకుడు. ఇవాళ ఇరాన్ సైన్యంలో కల్నల్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. పాపికొండల మధ్య మనలను దాటించే ఆ బక్కమనిషి మాట ప్రకారం కల్నల్ అన్నమాట.

మన చుట్టూ ఉన్న పటాలం

ఒకసారి ఈ దారి పట్టుకుంటే మన చుట్టూ ఇటువంటివారు ఎందరో కనిపిస్తారు. మున్సిపాలిటీలో తెల్లవారకముందే ఊడ్చేవారి హాజరు తీసుకునేవాడు "జవాన్". జమేదారు ఒకప్పుడు సైన్యంలో అధికారి హోదా. తర్వాత ఆ మాట బంట్రోతుల పెద్దకూ, పాకీవాళ్ల మేస్త్రీకీ వచ్చింది. ఫౌజు అంటే సైన్యం, ఫౌజుదారు సైన్యాధికారి. ఆయన విచారించే నేరాలు ఫౌజుదారీ కేసులు అయినాయి. మన అదాలత్ దగ్గర ముసలి వకీళ్లు ఇంకా దీవానీ, ఫౌజుదారీ అనే అంటారు. బెటాలియన్ అన్న మాట మనవాళ్ల నోట పటాలం అయింది. మామునూరులో నిజమైన పటాలం ఉంది. కాని మన ఇండ్లలో పిల్లలు నలుగురు చేరి ఇల్లు పీకి పందిరేస్తుంటే అమ్మలు అనే మాట, "వచ్చింది పటాలం" అని.

పై మెట్టు ఎక్కిన మాట ఒకటి ఉంది. అదే సుబేదార్. సైన్యంలో సుబేదార్ మధ్య తరగతి హోదా. నిజాం రాజ్యంలో మాత్రం సుబేదార్ అంటే కొన్ని జిల్లాలు కలిసిన సుబాకు అధిపతి. వరంగల్ ఒక సుబా. ఆ దొర కొలువు ఉన్న చోటు సుబేదారి. అదే చోట 1976లో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో మనం చదువుకుంటున్నాం. సుబేదార్ల పేరు మన చిరునామాలో ఉంది. లష్కర్ పేరు బజారుకు పోయింది, కాలువ గట్టుకు పోయింది.

కాలువ గట్టుకు ఎట్లా చేరింది?

ఇది నా ఊహ మాత్రమే. కాని ఆధారం లేని ఊహ కాదు. మద్రాసు రాష్ట్రంలో పెద్ద నీటి పనులు మొదలుపెట్టినవారు సైన్యపు ఇంజనీర్లు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్స్ దళంలోని అధికారి. సైన్యంలో డేరాలు మోసి, కొలత గొలుసులు పట్టుకుని వెంట నడిచే కూలికి లాస్కర్ అనే పేరు అప్పటికే ఉంది. ఆ దొరలు కాలువ గట్ల మీదికి వచ్చినప్పుడు తమ కింది మనిషికి అదే పేరు వాడి ఉంటారు. కోస్తా జిల్లాల్లో ఇవాళ్టికీ కాలువ తలుపులు ఎత్తి దించే మనిషి లస్కరే. మన దిక్కు పారసీకపు ఉచ్చారణే నిలిచి లష్కర్ అయింది.

మన దిక్కు ఈ పని కొత్తది కాదు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద తరతరాలుగా తూము ఎత్తి మడి మడికీ నీళ్లు పంచినవాడు "నీరటి". అది గ్రామ కొలువు. పంట చేతికి రాగానే ఆయన వంతు ధాన్యం కళ్లంలోనే కొలిచి ఇచ్చేవారు. 1963 జులై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు తర్వాత శ్రీరాంసాగర్ అయింది. దాని కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటరు దగ్గర దిగువ మానేరులో కలిసి, అక్కడి నుంచి మన వరంగల్ దిక్కు వస్తుంది. చెరువుకు నీరటి ఉన్నట్లే ఈ కాలువకు లష్కర్ ఉన్నాడు. ఒక్కటే తేడా. నీరటికి కూలి ఇచ్చేది ఊరు, లష్కర్‌కు జీతం ఇచ్చేది సర్కారు. అందుకని ఊరికి ఆయన సర్కారు మనిషి, సర్కారుకు ఆయన ఊరి మనిషి. తిట్టు రెండు దిక్కుల నుంచీ ఆయనకే.

ఆయన చేసే పని ఏమిటి? గేజి చూసి రాయాలి. చెప్పిన వేళకు షట్టర్ ఎత్తాలి, దించాలి. ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో కొన్ని రోజులు నీళ్లు, కొన్ని రోజులు బంద్. గట్టు మీద నడిచి ఎక్కడ ఎండ్రికాయ బొక్క పడ్డదో, ఎక్కడ చెమ్మ ఊరుతున్నదో చూడాలి. ఇవాళ బొక్క, రేపు గండి. అన్నింటికీ మించి, ఎగువవాళ్లు రాత్రిపూట తూముకు రాళ్లు అడ్డంపెట్టకుండా చూడాలి. ఎగువన ఒక జానెడు ఎక్కువ తీస్తే చివరి భూములకు చుక్క రాదు. వరి పొట్టకొచ్చిన వేళ ఆ జానెడు నీళ్ల మీదనే ఊరికీ ఊరికీ తలలు పగులుతాయి.

ఒక యాసంగి నేనే చూశాను. నాకు పదకొండేండ్లు ఉంటాయి. రాత్రి సద్ది ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. తూము కాడ ఇరవై మంది దాకా ఉన్నారు. పారలున్నాయి, కట్టెలున్నాయి. చివరి ఊరి వాళ్లు షట్టర్ దించాలంటరు, ఎగువ వాళ్లు దించనియ్యమంటరు. మా నాయన షట్టర్ చక్రం మీద చేయి పెట్టి నిలబడ్డడు. గొంతు కూడా పెంచలేదు. "పొద్దుగాల ఆరింటి దాక మీది. ఆరింటికి దించుత. ఎవ్వనికన్న కోపముంటే నన్ను కాలువల నూకుండ్రి, చక్రం మాత్రం ముట్టకుండ్రి" అన్నడు. ఎవరూ నూకలేదు. నేను సద్దిమూట పట్టుకుని వణుకుతూ నిలబడ్డాను. తెల్లారి ఆరింటికి షట్టర్ దించిండు. సద్ది అప్పుడు తిన్నడు.

ఇంత చూసిన నేను ఏం చేశానో చెప్పకుండా వ్యాసం ముగిస్తే అది మోసమవుతుంది. ఇంటర్మీడియట్‌లో చేరిన మొదటి రోజు, పేరు దొరకని ఒక ఊళ్లో అనుకోండి, సారు ఒక్కొక్కరినీ లేపి తండ్రి ఏం చేస్తాడని అడిగారు. నేను లష్కర్ అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు ఆ మాటకు ఉగ్రవాద సంస్థ పేరులోని మిగతా ముక్క తగిలించాడు. క్లాసంతా నవ్వింది. సారుకూ నవ్వు ఆగలేదు. ఆ రోజు నుంచి ఏ ఫారంలో తండ్రి వృత్తి అడిగినా "ప్రభుత్వ ఉద్యోగి" అని రాశాను. ఈ కాలేజీ అడ్మిషన్ ఫారంలో కూడా అదే రాశాను. మా నాయనకు ఈ సంగతి తెలియదు. ఈ సంచిక చదివితే తెలుస్తుంది.

ఉపసంహారం

ఇంతకూ లష్కర్ అంటే ఏమిటి? నేను తేల్చుకున్నది ఇది. మొదట అది సైన్యం. తర్వాత సైన్యం విడిసిన చోటు. తర్వాత ఆ చోటి బజారు. ఆ తర్వాత సైన్యానికి డేరా వేసేవాడు, ఫిరంగి లాగేవాడు, ఓడ తాడు లాగేవాడు. చివరకు కాలువ కాపలా మనిషి. పైనుంచి చూస్తే ఈ మాట దిగజారినట్లే ఉంటుంది. కొందరు హింసామార్గం పట్టినవారు దానిని మళ్లీ "సైన్యం" అనే మొదటి అర్థంలో తమ సంస్థకు పెట్టుకున్నారు. వార్తల్లో వినేది అదే కాబట్టి మనకు వెంటనే స్ఫురించేదీ అదే. కాని ఒక మాటను దొంగ వాడినంత మాత్రాన అది దొంగ సొత్తు కాదు. దానిని నిత్యం వాడుతున్నవారు గట్ల మీద ఉన్నారు.

వెనక్కి తిరిగి చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. అక్షౌహిణిలోని అన్ని పేర్లూ పుస్తకంలో మిగిలిపోయాయి. పృతన, చమువు, అనీకిని అని ఇవాళ ఏ ఊళ్లోనూ ఎవరినీ పిలవరు. లెక్కకెక్కని జనాన్ని కూడా తనలో కలుపుకున్న లష్కర్ మాత్రం, ఆ జనం పేరుగానే బతికి ఉన్నది. మాట దిగలేదు, తనను మోసినవాళ్ల దగ్గరికి వచ్చి చేరింది అని నేను అనుకుంటున్నాను.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయి ఈ సంగతులన్నీ మా నాయనకు చెప్పాను. అక్షౌహిణి లెక్క శ్రద్ధగా విన్నడు. వాహిని అంటే సేన అనీ నది అనీ రెండర్థాలున్నాయంటే "మంచిగున్నది" అన్నడు. లష్కర్ అంటే సైన్యం అనగానే మాత్రం పెద్దగ నవ్విండు.

"సైన్యమా? నేను కొలువుల చేరిననాడు మా తూముల మీద ఐదుగురం ఉంటిమి. ఒక్కొక్కడే రిటైరయ్యిండు, ఆ జాగల మళ్ల ఎవ్వన్నీ పెట్టలె. ఆఖరికి ఐదుగురి పని నేనొక్కణ్ణే చేసిన. ఒక్కణ్ణి పెట్టి సైన్యమని పేరు పెట్టిండ్రా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. కాసేపటికి ఆయనే, "ఆరింటికి నీళ్లు బంద్ జేస్తరు, తూము ఎట్లున్నదో సూసొద్దాం పా" అని లేచి చెప్పులు తొడుక్కున్నడు. రిటైరయి అప్పటికి తొమ్మిది నెలలు.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మన తరగతుల్లో లష్కర్ల పిల్లలున్నారు, జవాన్ల పిల్లలున్నారు, జమేదార్ల పిల్లలున్నారు. వారిలో ఎవరైనా తండ్రి కొలువు పేరు చెప్పినప్పుడు మనం నవ్వకుండా ఉంటే చాలు. వచ్చే ఏడు నేను నింపబోయే ఫారాల్లో తండ్రి వృత్తి అన్నచోట ఏం రాయాలో నేను నిర్ణయించుకున్నాను.